పరీక్షలయ్యేదాకా ఆగిన రాజవ్వ

ఇన్నేళ్లుగా నా మీద ఉన్న బరువు రెండు మాటలది. ఒకటి తల్లికి చెప్పాను. ఇంకొకటి కూతురికి చెప్పాను. తల్లి పోయింది. కూతురు బతికే ఉంది, నా మాటను ఇంకా నమ్ముకొని. ఆ రెండోదే ఎక్కువ బరువు.

చావులు నాకు కొత్త కావు. కడుపు జబ్బులు చూసే సర్జన్‌ని, వాటిలో చాలా వరకు క్యాన్సర్లే. పొద్దున వార్డులో ఒకరు పోతే మధ్యాహ్నం పాఠం చెప్పి, సాయంత్రం ఇంటికొచ్చి పప్పుకు పోపు పెట్టుకోగలను. దాన్ని గొప్ప గుండె అంటారో, గుండె లేకపోవడం అంటారో మీరే అనుకోండి. కానీ ఆ రెండు మాటలు మాత్రం నాతోపాటు ఇంటికొస్తాయి.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియకూడదని పేరు రాయడం లేదు. చూశారా, అప్పుడే బేరం మొదలుపెట్టాను: నిజం ఇస్తాను, పేరు ఇవ్వను. ఏం చేయను? లక్సెట్టిపేటలో బట్టల దుకాణంలో పుట్టి పెరిగినదాన్ని. మా బాపు నాకు లెక్కల కన్నా ముందు గిరాకిని పట్టడం నేర్పాడు. "నిలబడ్డోడు పోతనంటడు బిడ్డా. కూసున్నోడు సూస్తనంటడు. ముందుగాల కూసోబెట్టు" అనేవాడు. ఇంటర్ చదివే రోజుల్లోనే, చీర వద్దని లేచిన ఆడవాళ్లను రెండు చీరలతో పంపేదాన్ని. డాక్టర్‌నయ్యాక ఆ విద్య ఎక్కడికి పోతుంది? ఆపరేషన్ వద్దని మొండికేసిన వాళ్లను ఒప్పించాలంటే నన్నే పిలిచేవాళ్లు. మంచం మీద పక్కన కూర్చునేదాన్ని. ఒప్పించి లేచేదాన్ని. దానివల్ల బతికిన వాళ్లు ఉన్నారు. ఆ సంగతి కూడా రాయకపోతే నాకు నష్టం కదా, అందుకే రాశాను.

ఇక జరిగింది.

కరీంనగర్‌కూ ఆదిలాబాద్‌కూ మధ్యలో ఉన్న ఒక వైద్య కళాశాలలో నేను పాఠాలు చెబుతాను. ఏది అని అడగకండి. అప్పటికి కొత్తది. మొదటి బ్యాచ్ పిల్లలు చివరి పరీక్షకు వచ్చారు. వైద్య విద్యలో ఆఖరి పరీక్ష కాగితం మీద అయిపోదు. బయటి ఊళ్ల నుంచి పరీక్షకులు వస్తారు. ఒక్కో విద్యార్థికి ఒక్కో రోగిని ఇస్తారు. విద్యార్థి ఆ మనిషిని మాట్లాడించి, చేతితో తడిమి, జబ్బు ఏమిటో చెప్పాలి. అలా ఇచ్చే రోగిని మేము "ఎగ్జామ్ కేసు" అంటాం. పరీక్షలు దగ్గరపడితే ప్రతి కాలేజీలో కేసుల వేట మొదలవుతుంది. మెడ మీద గడ్డ ఉన్నవాళ్లకు, హెర్నియా ఉన్నవాళ్లకు ఫోన్లు వెళ్తాయి. రమ్మంటాం, బస్సు ఖర్చులిస్తాం, బిర్యానీ పెడతాం. ఆపరేషన్ తొందరగా అక్కర్లేనివాళ్లను పరీక్షల తర్వాత చేద్దామని ఆపుతాం. ఇందులో పెద్ద తప్పేమీ లేదు. పిల్లలు మనిషి మీదే నేర్చుకోవాలి, వేరే దారి లేదు. చాలామంది రోగులు ఓపికగా, కొందరు సంతోషంగా కూడా ఒప్పుకుంటారు.

కేసులు పోగుచేసే పని నాకిచ్చారు. ఎందుకిచ్చారో చెప్పక్కర్లేదు. దసరా ముందు దుకాణం సర్దినట్టు వార్డు సర్దాను. మంచి సరుకు గుమ్మానికి ఎదురుగా. పాత సరుకు లోపల.

రాజవ్వ అప్పుడు వచ్చింది. అసలు పేరు అది కాదు. లక్సెట్టిపేట అంగడిలో కూరగాయలు అమ్మేది. మొగుడు ఎప్పుడో పోయాడు. కూతురు సరోజను నస్పూర్‌లో బొగ్గుబాయిలో పనిచేసే అతనికిచ్చింది. నవ్వితే పళ్ల కన్నా ముందు కళ్లు కనిపించే మనిషి. ఆ కళ్లు పసుపు పచ్చగా ఉన్నాయి. ఒళ్లంతా దురద. గోళ్లతో గీరుకున్న చారలు చేతుల నిండా.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి, తర్వాత దీనితోనే పని ఉంది. మా వైపు కామెర్లు వస్తే చాలామంది ముందు పసరు మందు పోసేవాళ్ల దగ్గరికి వెళ్తారు. వారాలూ నెలలూ అక్కడే పోతాయి. రాజవ్వ వెళ్లలేదు. వాడకట్టులో అందరూ పసరు పోయించమంటే, సరోజ వినలేదట. కళ్లు పచ్చబడ్డాయని తెలిసిన వెంటనే తల్లిని ఆటో ఎక్కించి తెచ్చింది. నా ఉద్యోగంలో అంత తొందరగా వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

కడుపు మీద చేయి వేశాను. కుడివైపు పక్కటెముకల కింద పిత్తాశయం తగిలింది. నున్నగా, గుండ్రంగా, లేత సొరపిందెలాగా. ఊపిరి పీలిస్తే కిందికి జారింది. నొప్పి లేదు. కామెర్లు ఉండి, నొప్పి లేకుండా పిత్తాశయం అలా చేతికి తగిలితే, అది రాయి కాకపోవచ్చు, పైత్యరసం దిగే దారిని కణితి మూసి ఉండొచ్చు అని పుస్తకాల్లో ఉంటుంది. పుస్తకంలో అందరూ చదువుతారు. చేతికి తగలడం అరుదు. స్కానింగ్‌లో అదే తేలింది. దారి చివర, పేగులో కలిసే చోట, చిన్న కణితి. ఎక్కడికీ పాకలేదు. ఆ ప్రాంతంలో వచ్చే క్యాన్సర్లన్నిటిలో కాస్త దయ ఉన్నది ఇదే. సమయానికి తీసేస్తే మనిషి దక్కే ఆశ బాగా ఉంటుంది.

ఆ ఆపరేషన్‌కు మా దగ్గర వసతి లేదు. హైదరాబాద్ పంపాలి. అక్కడ ముందు నోట్లోంచి కెమెరా పంపి, మూసుకున్న దారిలో సన్న గొట్టం పెట్టి, నిలిచిన పైత్యరసాన్ని వదిలేస్తారు. కామెర్లు దిగాక ఆపరేషన్. గొట్టం పడగానే దురద పోతుంది, పసుపు పోతుంది.

పిత్తాశయం కూడా కుంచించుకుపోతుంది. చేతికి ఇక తగలదు.

అర్థమైంది కదా మీకు. నాకూ అర్థమైంది, అదే క్షణంలో. ఆమె కడుపు మీద నా చేయి ఉండగానే నేను ఆలోచించింది పరీక్షకుల గురించి.

పరీక్షలు మొదలవడానికి ఇంకా వారం పైన ఉంది. సరోజ హైదరాబాద్ బండి మాట్లాడటానికి వెళ్లింది. రాజవ్వ సంచి సర్దుకొని మంచం పక్కన నిలబడి ఉంది. నేను వెళ్లి ఏం చేశానో ఊహించండి. "కూసో రాజవ్వా" అన్నాను. కూర్చుంది. పక్కన నేనూ కూర్చున్నాను.

"పోతవా అయితే?"

"పోవద్దా మరి? నువ్వే పొమ్మంటివి గద."

"పోవాలె. పోవద్దంటలేను. జర పరీక్షలు అయినంక పోతే ఏమైతది అని."

"పరీక్షలు పోరగాండ్లయి. నాకేంది నడుమ?"

"నీ కడుపు సూసే రాయాలె వాళ్లు. నీ అసొంటి కేసు మాకు దొరకదు."

పకపకా నవ్వింది. "ఏం బంగారం ఉన్నదే నా కడుపుల? ఇన్నేండ్లు నాకే ఎరుక లేకపాయె." తర్వాత గొంతు తగ్గించి, "నువ్వు బట్టల దుకాణపాయన బిడ్డవంట గద. సరోజ జెప్పింది. మీ బాపు తాన నేను ఒక్కనాడు గెల్వలే. ఇప్పుడు నీతోటి గెలుస్తనా?" అంది.

"గెలుపు ఓటమి ఏమున్నది. నువ్వే అడుగు, నీకేం గావాలె?"

ఇదీ మా బాపు విద్యే. ఇచ్చేది నువ్వు చెప్పకు, అడిగేది వాళ్లతో చెప్పించు. ఆమె కాసేపు దురద పెట్టిన మోచేయి గీరుకుంటూ ఆలోచించింది. నిజంగానే బేరానికి కూర్చుంది పాపం.

"ఆ పట్నంల మాకు ఎవ్వలు ఎరుక లేరు. పొద్దుగాలనంగ పోతే పొద్దుమూకేదాక లైన్ల నిలబెడ్తరంటరు. నువ్వు ఆ డాక్టర్లకు ఫోన్ జేస్తవా? మా రాజవ్వ వస్తున్నది, నిలబెట్టకుండ్రి అని?"

"చేస్త."

"నీ నోటితోటి చెప్పాలె. ఇంకొకలతోని చెప్పించుడు గాదు."

"నా నోటితోనే చెప్త."

సంచిని మంచం కిందికి కాలితో నెట్టింది. అప్పుడు నా మొహంలోకి చూసి అడిగింది. నవ్వు లేదు అప్పుడు.

"ఆగితే ఏం గాదు గద బిడ్డా?"

"ఏం గాదు" అన్నాను.

అదే మొదటి మాట. తల్లికి చెప్పింది.

నాకు తెలియదా ఏమైనా కావచ్చునని? నిలిచిన పైత్యరసంలో చీము పట్టొచ్చని, పట్టిందంటే గంటల్లో రక్తమంతా పాకొచ్చని నాకు తెలియదా? ఏటా పిల్లలకు చెప్పే పాఠమే అది. గొట్టమూ కెమెరా ఏదీ ముట్టని మనిషికి, అందులోనూ కణితి ఉన్నవాళ్లకు, అలా జరగడం తక్కువ అన్నది కూడా నిజమే. ఆ "తక్కువ" అన్న మాటను పట్టుకొని పడుకున్నాను. నివారణకని మందులు మొదలుపెట్టాను. ఆ మందులు ఆమెకు ఇచ్చానో, నా భయానికి ఇచ్చానో. హైదరాబాద్ వెళ్లినా అక్కడ ఇంకో వారం ఆగాల్సి వచ్చేదేమో, దారిలోనే జ్వరం వచ్చేదేమో. ఇన్నేళ్లూ నాతో నేను వాదించుకున్నాను. ప్రతి వాదనా గట్టిదే. కానీ ఆ రోజు నేను ఆమెను ఆపింది వీటిలో ఏ ఒక్క కారణంతోనూ కాదు కదా. ఎక్కడి నుంచో వచ్చే పరీక్షకుడు, "ఇది ఎక్కడ దొరికిందమ్మా మీకు" అని నన్ను అడగాలని. అంతే. అంత చిన్నది. కాలేజీ పేరు కోసమని నాకు నేను చెప్పుకున్నాను గాని, కాలేజీ నన్నేమీ అడగలేదు.

సరోజ బండి మాట్లాడుకొని వచ్చింది. మొహం చిన్నబుచ్చుకుంది. నేను ఒప్పించే అవసరం లేకుండా రాజవ్వే ఒప్పించింది. "సొంత మనిషి లెక్క జెప్తున్నది, ఊకో" అంది కూతురితో.

పరీక్షలు జరిగాయి. రాజవ్వ ఒక అమ్మాయికి కేసుగా పడింది. ఆ పిల్ల చేయి సరిగ్గా ఆ చోటుకే వెళ్లింది. కళ్లు మెరిశాయి. పరీక్షకుడు తనూ తడిమి చూశాడు. నేను కోరుకున్న మాటే, దాదాపు అలాగే అన్నాడు. ఆ రోజు నేను ఎంత సంతోషంగా ఉన్నానో మీకు చెప్పడానికి సిగ్గుగా ఉంది. తర్వాతి రోజు ఇంకో విద్యార్థి. ఆ తర్వాతి రోజు ఇంకొకరు. మధ్యలో, పరీక్షలో లేని జూనియర్ పిల్లలు కూడా వచ్చి, మేడం మేమూ చూస్తాం అన్నారు. చూడమన్నాను. రాజవ్వ వాళ్లతో పరాచికాలాడింది. "నా కడుపు మీద ఒత్తినోళ్లందరు డాక్టర్లయితే, రేపు నాకు సూది ఫిరీ" అంది.

ఆఖరి రోజు మధ్యాహ్నం, పరీక్షకులకు భోజనాలు పెడుతున్నాం. వార్డు నుంచి కబురొచ్చింది. వెళ్లేసరికి రాజవ్వ మంచం చప్పుడు చేస్తోంది. చలి. దుప్పటి మీద దుప్పటి కప్పినా మంచంతో సహా వణుకుతోంది. ఒళ్లు కాలిపోతోంది. నాడి పరుగెడుతోంది. నన్ను చూసి నవ్వబోయింది. పళ్లు కొట్టుకుంటుంటే నవ్వు కుదరలేదు.

అంబులెన్స్ ఎక్కించాం. నేను ఫోన్ చేశాను, నా నోటితోనే. ఆ మాట నిలబెట్టుకున్నాను. ఒక్క నిమిషం కూడా లైన్లో నిలబెట్టలేదు వాళ్లు. నిలబడే మనిషైతే కదా. గొట్టం పెడితే చీము వచ్చిందట. ఆ తర్వాత మూత్రం ఆగింది. కొన్ని రోజులు మిషన్ల మీద ఉంచారు. కణితి అలాగే ఉంది, చిన్నగా, ఎక్కడికీ పాకకుండా. మనిషి పోయింది.

దినాలైపోయాక సరోజ నా దగ్గరికి వచ్చింది. కొట్లాడటానికి వచ్చిందనుకున్నాను. నిజం చెబుతున్నాను, కొట్లాటకైతే సిద్ధమయ్యే ఉన్నాను, జవాబులు కూర్చుకొని. గల్లా మీద కూర్చున్నవాళ్లకు వాపసు సరుకు తెచ్చే గిరాకిని ఎలా తిప్పి పంపాలో బాగా తెలుసు. కానీ ఆమె చేతులు జోడించింది.

"మీరు ఫోన్ జేయబట్టి గేటు కాడనే దించుకున్నరు మేడం. మా అవ్వ సోయి ఉన్నంత సేపు మీ పేరే తీసింది."

ఆమె కొంగుతో మొహం తుడుచుకొని అడిగింది. "ఒక్క మాట చెప్పుండ్రి. నేనే ఆల్శం జేసిన్నా? ఇంకా జర ముందుగాల తోలుకొస్తే మా అవ్వ బతుకుతుండెనా?"

కాదమ్మా, నువ్వు సమయానికే తెచ్చావు. నేను ఆపాను. ఈ రెండు వాక్యాలు నా నాలుక మీద ఉన్నాయి. ఉన్నాయనే అనుకుంటున్నాను. లేక ఇప్పుడు, ఇన్నేళ్ల తర్వాత, ఉన్నట్టు అమర్చుకుంటున్నానా? నోటి నుంచి వచ్చింది మాత్రం ఇది.

"అవును సరోజా. ఇంకొంచెం ముందుగాల రావాల్సి ఉండె."

అది రెండో మాట.

ఆమె తల ఊపింది. ముందే తెలిసిన సంగతి విన్నట్టు. వెళ్లిపోయింది.

అబద్ధం ఒకసారి చెల్లిందంటే దాన్ని మళ్లీ మళ్లీ చెల్లించబుద్ధి అవుతుంది. ఆసుపత్రి మీటింగులో రాజవ్వ మరణం చర్చకు వచ్చినప్పుడు "ఆలస్యంగా వచ్చిన కేసు" అన్నాను. తలలు ఊపారు. మా వైపు రోగులంటే ఆలస్యంగా వస్తారని అందరి నమ్మకం. ఎవరూ ఎదురు అడగరు. తర్వాత పాఠంలో పెట్టుకున్నాను. పైత్యనాళంలో చీము పట్టడం గురించి చెప్పే ప్రతిసారీ, లక్సెట్టిపేట వైపు ఒక ఆమె ఉండేదని మొదలుపెట్టేదాన్ని. ఒకటి రెండేళ్లకు ఆ కథలోకి పసరు వచ్చి చేరింది. నేనే చేర్చాను. పసరు తాగి, తాగి, చివరికి మా దగ్గరికి వచ్చిందని. పసరు అనగానే పిల్లలు నవ్వుతారు. పాఠం గుర్తుంటుంది. బ్యాచ్ తర్వాత బ్యాచ్‌కి, ఎన్నడూ పసరు ముట్టని మనిషికి నా నోటితో పసరు తాగించాను.

ఆ రోజు రాజవ్వ కేసుగా పడిన అమ్మాయి ఇప్పుడు సర్జన్. గురుపూజ రోజున మెసేజ్ పెడుతుంది. "ఆ పిత్తాశయం ఇంకా నా వేళ్ల కొసల్లో ఉంది మేడం" అని ఒకసారి రాసింది. నమస్కారం బొమ్మ పంపి ఊరుకున్నాను. ఆ రోగి ఏమైందో ఆమెకు తెలియదు. పరీక్ష అయిన మర్నాడే ఊరెళ్లిపోయింది.

ఇదంతా నేను ఇలాగే మోసుకుంటూ పోయేదాన్నేమో, సరోజ రావడం మానేసి ఉంటే. మానలేదు. నస్పూర్‌లో ఎవరి కళ్లు కాస్త పచ్చబడినా, ఎవరికి ముద్ద దిగకపోయినా, తనే వెంటపడి తీసుకొస్తుంది. బాయి కార్మికుల భార్యలను, పక్కింటి ముసలివాళ్లను. వాళ్లలో కొందరు, సమయానికి వచ్చినందుకు, బతికారు. మొన్న ఒక పెద్దమనిషిని తెచ్చింది. ఆయన రాననీ, పసరు పోయించుకుంటాననీ దారంతా గొణిగాడట. నా ఎదుటే ఆయనకు చెప్పింది.

"నన్ను జూసి నేర్సుకో కాకా. నేను ఆల్శం జేసి మా అవ్వను సంపుకున్న. గీ మేడమే చెప్పింది నాకు."

ఏ కోపమూ లేకుండా చెప్పింది. ఎన్నోసార్లు చెప్పి చెప్పి నున్నగా అరిగిన మాట. నా వైపు చూసి, అవును కదా మేడం అన్నట్టు తల ఆడించింది. నేనూ ఆడించాను.

ఆయనవి మామూలు కామెర్లే. మందులు రాసి, "పిల్లలెట్ల ఉన్నరు సరోజా" అని అడిగాను. చెప్పడానికి గదిలో తలుపు వేసే వీలుంది. బయట గిరాకి కూడా తక్కువే ఆ రోజు. చూశారా, రోగులు అనాల్సిన చోట ఏం రాశానో. చెప్పలేదు.

ఈ ఏడాది పాఠంలో పసరు తీసేశాను. ఆమె సమయానికే వచ్చింది, పంపడంలో ఆలస్యం జరిగింది అన్నాను. ఎవరి వల్ల అని ఎవరూ అడగలేదు. అడుగుతారేమోనని కాసేపు ఆగాను. అడగకపోతే బాగుండునని కూడా అనుకున్నాను. తెర మీద తర్వాతి బొమ్మకు వెళ్లాను.

సరోజకు చెప్తానా? చెబితే ఆమెకు ఏం మిగులుతుంది? తల్లి మీద తప్పు చేశానన్న బాధ పోతుంది. కానీ తల్లిని అప్పగించింది ఎవరికో తెలుస్తుంది. ఆమెకు ఏది మేలు అని నేను ఇలా తూకం వేస్తున్నానంటేనే నాకు అనుమానం. నా తూకంలో ఎప్పుడూ నా వైపే మొగ్గు. చెప్పకపోవడానికి నాకు దొరికే కారణాలన్నీ ఆమె మంచి కోసమే అన్నట్టుంటాయి, రాజవ్వను ఆపడానికి దొరికిన కారణాల్లాగే. మీరు క్షమించారా లేదా అని అడగను. ఆ హక్కు మీకు లేదు, ఆ హక్కు ఉన్న ఇద్దరిలో ఒకరు పోయారు, ఇంకొకరికి సంగతి తెలియదు.

సరోజ ఆలస్యం చేయలేదు. వాడకట్టంతా వద్దన్నా తల్లిని తొందరగా తెచ్చింది. బతికే రోజున తెచ్చింది. పంపే రోజున నేను పంపలేదు. ఈ మాటలు ఇంతవరకు ఎవరితోనూ అనలేదు, ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాశాను.

రాసి లేచేసరికి ఆకలిగా అనిపించింది. పెరుగన్నం కలుపుకొని, పచ్చడి నంజుకొని తిన్నాను. చాలా కాలానికి అన్నం రుచి తెలిసింది. అందుకు సిగ్గేసింది. అయినా గిన్నె ఖాళీ చేశాను.